ఛాంబర్‌లో వేసిన ఒట్టు

మార్చి 3, సోమవారం

జడ్జినై పదకొండేళ్లు. ఇంత తెలివితక్కువ పని ఎన్నడూ చేయలేదు. ఇంటికొచ్చి రెండు గంటలైనా అదే ఆలోచన... రాస్తే తగ్గుతుందేమో.

కస్టడీ కేసు. ఈ దేశమొచ్చిన మన తెలుగువాళ్లే. తల్లికి వేరే రాష్ట్రంలో, హెర్న్‌డన్‌లో ఉద్యోగం వచ్చింది, కూతుర్ని తీసుకెళ్తానంటుంది. తండ్రి ఇక్కడే షామ్‌బర్గ్‌లో ఉంటాడు, పంపనంటాడు. పాపకి ఎనిమిదేళ్లు. పేరు ఇక్కడ కూడా రాయను.

పాపతో ఛాంబర్‌లో నేనే మాట్లాడాలి. లాయర్లు బయట. లోపల మేమిద్దరం, ప్రతి మాటా టైప్ చేసే డెబ్రా. ఆమెకి తెలుగు రాదు.

"ఐ వాంట్ టు గో విత్ మామీ." ఏమడిగినా అదే. మూడుసార్లు. బట్టీ పట్టించినట్టు. కాళ్లు ఊపుతూనే ఉంది. జాలేసింది. నోరు జారాను — "అన్నం తిన్నావా, బంగారం?"

అంతే, ముఖం విప్పారింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఆంటీ, నాకు వెళ్లడం ఇష్టం లేదు. డాడీ అలోన్ అయిపోతాడు. అమ్మకి చెప్పొద్దు. ఒట్టు?" అరచెయ్యి చాపింది.

చెయ్యి వేశాను. వేసేశాను!

డెబ్రా వేళ్లు ఆగిపోయాయి.

మార్చి 4

రికార్డు వచ్చింది. ఆ చోట ఒకటే లైను — "తెలుగులో సంభాషణ." పాప మాట లేదు. నా ఒట్టూ లేదు.

రికార్డులో లేనిదాన్ని బట్టి తీర్పివ్వకూడదు. కొత్త జడ్జీలకు ఈ పాఠం చెప్పేది నేనే. సిగ్గు, సిగ్గు.

మార్చి 5

అన్నం సహించలేదు. ఇంట్లో కేసుల మాట ఎత్తకూడదు. మా ఆయన "ఏమైంది?" అంటే "ఏం లేదు" అన్నాను. "నీ 'ఏం లేదు' నాకు తెలియదా? కనీసం పెరుగన్నం తిను."

బయటపెడితే పాపకిచ్చిన మాట పోతుంది. దాచి తండ్రి వైపు తీర్పిస్తే మోసం. దాచి తల్లి వైపు ఇస్తే... అది రాయడానికి చెయ్యి రావడం లేదు.

మార్చి 6

కోర్టుకి చెప్పాల్సిన నోట్ టైప్ చేశాను. ఒట్టు వాక్యం రెండుసార్లు తీసేశాను. మూడోసారి ఉంచాను. భయంగా ఉంది.

మార్చి 7

అందరి ముందూ చదివాను. నేను తప్పుకున్నాను, కేసు వేరే జడ్జికి వెళ్తుంది. తండ్రి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. తల్లి లేచి నిలబడింది. తెలుగులోనే అడిగింది — "నిజంగా అలా అందా అండీ? నాతో ఒక్కసారి కూడా అనలేదే..."

డెబ్రా నా వైపు చూసింది.

"ఇన్ ఇంగ్లిష్, ప్లీజ్" అన్నాను. నా గొంతు విని నాకే అసహ్యమేసింది. ఆవిడ మళ్లీ అడగలేదు. కూర్చుండిపోయింది.

మార్చి 10

ఈపాటికి తల్లి ఇంట్లో పాపని అడిగేసి ఉంటుంది. తిట్టిందో, ఏడ్చిందో. నాకు తెలిసే దారి లేదు, తెలుసుకోనూ కూడదు.

మార్చి 13

కొత్త జడ్జి ఈరోజు పాపతో మాట్లాడతాడు. మంచివాడు. ఓపికగా అడుగుతాడు. ఎవరికీ చెప్పనని మాత్రం అనడు, నాలా తెలివితక్కువవాడు కాదు.

పొద్దున కోర్టు లిఫ్ట్ దగ్గర తల్లీకూతుళ్లు ఎదురుపడ్డారు. తల్లి చూపు తిప్పుకుంది. పాప నన్ను చూసింది — సూటిగా, చాలాసేపు. నవ్వబోయాను.

రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టేసుకుంది.