పిలవని ఇల్లు

పల్లెపాలెం,
ఆగస్టు 2003

బావా,

కవరు మీద నీ పేరు నాగదుర్గ గారి చేత రాయించాను. మా ట్రైనింగు మేడం ఆవిడ. "మొగుడి పేరే రాయనిదానివి, ఊరికి తుపాను కబురేం చెబుతావమ్మా?" అని నవ్వారు. నవ్వితే నవ్వనీ, నాకు చెయ్యి రాలేదు.

విజయవాడ భవానీపురంలో మూడు రోజులు తుపాను వాలంటీరు పని నేర్పారు. ఏ ట్రైనింగుకి వెళ్ళొద్దని గొడవపడి నువ్వు ఒరిస్సాలో పారాదీప్ చేపల బోట్లకి పోయావో, అదే. "మైకు పట్టుకుని వీధిలో అరిచే ఆడది నాకొద్దు" అన్నావు. ఆ మాట ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

తుపాను కబురు రాగానే వాలంటీరు మైకులో ఒక్కో ఇంటి యజమాని పేరు పిలవాలి. ఆ ఇంటివాళ్ళు "ఉన్నాం" అని పలికి, మూట పట్టుకుని షెల్టరుకి నడవాలి. మొన్న ఊళ్ళో ఉత్తుత్తి తుపాను పెట్టి అలవాటు చేశాం. రత్తయ్య ఇల్లు, చౌడయ్య ఇల్లు అంటూ నేనే పిలిచాను. మనింటి దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు. దాటేశాను. అందరూ షెల్టరు ఎక్కారు, అత్త లేదు. పరిగెత్తి వెళ్తే మూట ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చునుంది. "మనిల్లు పిలవందే ఎలా వస్తానే?" అంది. నిజం తుపానైతే ఏమయ్యేది, బావా? నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రం మళ్ళీ పెట్టారు. కళ్ళు గట్టిగా మూసుకుని నీ పేరు పిలిచేశాను. అమ్మో, సిగ్గుతో చచ్చాననుకో! పలికే మనిషి లేడే అన్న దిగులు సిగ్గుకన్నా ఎక్కువైంది. చివరికి అత్తే పలికింది.

వానలు తగ్గాక తుపాన్ల రోజులు. అప్పుడు మళ్ళీ నీ పేరు పిలవాలి. పలకడానికి వస్తావు కదూ? నువ్వొస్తే మైకు మానేస్తాను, ఒట్టు.

నీ
గంగ


పల్లెపాలెం,
డిసెంబరు 2003

పోతురాజుకి,

పేరు నేనే రాశాను. చెయ్యేం పడిపోలేదులే.

నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క రాలేదు. నీతో బోటెక్కిన శివాజీ వచ్చి, "వాడింక రాడు, అక్కడే ఇల్లు పెట్టుకున్నాడు" అని తల దించుకున్నాడు. ఇల్లు పెట్టుకోవడమంటే ఏంటో నాకు తెలీదా? అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ వారమే తుపాను పట్టింది. మైకు తీసుకుని బయల్దేరుతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. "లేనివాడి పేరు పిలవకే. వాడి బదులు నేను పలకలేను. ఇల్లు నడిపేది నువ్వు, నీ పేరే పిలువు" అంది. నీ కన్నతల్లి అంది ఆ మాట.

ఈదురుగాలిలో ఇళ్ళన్నీ పిలిచాను. అందరూ పలికారు. మనింటి ముందు నిలబడి "గంగాదేవి ఇల్లు" అని అరిచాను. అత్త మూట ఎత్తుకుని నా వంకే చూస్తోంది. "ఉన్నాం" అని నేనే పలికాను. అబద్ధమెందుకు, అంత ఒంటరితనం నా జన్మలో ఎరగను. అయినా అత్త చెయ్యి పట్టుకుని షెల్టరుకి నడిచాను.

ఆ ఒట్టు గట్టున పెట్టు. మైకు మానను. పక్క పాలేల ఆడవాళ్ళకి నేర్పడానికి మేడం నన్ను రమ్మన్నారు, వెళ్తున్నాను. అత్త నా దగ్గరే ఉంటుంది. వాళ్ళకి మొదట నేర్పేది ఒకటే: ఇంట్లో ఎవరుంటే వాళ్ళ పేరే పిలవమని.

గంగాదేవి