మల్లేశం కోసిన గాట్లు

మంగళవారం, ఇస్నాపూర్

మెట్లు, అదే ఫ్రెట్లు, లేని బేస్ గిటారు చేద్దామని పట్టువట్టిందే నాతోటి దుకాణంల పనిచేసే మల్లేశం. నేను ఊ అన్న, ఇద్దరం కల్సి ఆర్డరు ఒప్పుకున్నం. ఇయ్యాల నేను పటాన్‌చెరు పోయి తీగలు తెచ్చేసరికి, మెడ మీది రోజ్‌వుడ్ పట్టీకి మెట్ల కోసం గాట్లన్నీ కోసి కూసున్నడు.

"ఏందిరా ఇది? మెట్లు వద్దన్నది నువ్వే గదా!"

"నేనా? మెట్లు లేకుంటే గిటారెట్లయితదన్నా?"

పరాచికమనుకున్న. మొఖం చూస్తే కాదు.

గాట్లదేముంది, సన్న చెక్క పేళ్లు అతికి సాపు చేస్తే పట్టీ పనికొస్తది. రేపు రంపం వాని చేతికి ఇయ్యాల్నా వద్దా? అన్నీ మర్సిపోతున్నడని వాళ్లింట్ల చెప్తే ఇగ దుకాణానికి రానియ్యరు. చెప్పకుంటే ఏ దినమో వేలు కోసుకుంటడు.

ఏం తోచక, చాయ్ తాగుకుంట నా పాత ముచ్చట ఎత్తుకున్న, బరాత్‌ల డోలు కొట్టేటోడు పెండ్లికొడుకు గుర్రమెక్కిన సంగతి. ఇన్నేండ్లల్ల ఎప్పుడు మొదలువెట్టినా "మళ్లా అదేనా, ఆపన్నా" అని చెయ్యి అడ్డం పెట్టేటోడు. ఇయ్యాల ఆఖరు దాకా విన్నడు. కండ్లల్ల నీళ్లొచ్చేటట్టు నవ్వి, "గింత మంచి ముచ్చట నాకెన్నడు చెప్పలేదేందన్నా?" అన్నడు.