పడని బోర్లు

సార్,

మీరు పోయి నేటికి ఏడాది. మీ తరగతిలో నా పక్కన కూర్చున్న మల్లేశం మిరుదొడ్డిలో మళ్లీ బోరు వేయించాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీళ్ల జాడ చెప్పే మనిషి కాయ లేచిందన్న చోటే వేయించాడు. దుమ్మే వచ్చింది.

"నీళ్లు పడ్డ బోర్ల గురించే చెప్తున్నరు, పడని బోర్లేవిరా అని సార్ అడుగుతుండె. మర్చినవా?" అన్నాను.

"యాదికుందిరా. కానీ పక్క చేన్ల పడ్డది గదా!"

ఊళ్లో నీళ్లు పడని బోర్లన్నీ తిరిగి చూసి వార్త రాశాను. నేను పంపిన ఫొటోల్లో పక్క చేన్లో పడ్డ నీళ్లది ఒక్కటే పేపర్లో వేశారు.

ఇవాళ సిద్దిపేట బస్టాండులో మల్లేశం కలిశాడు. ఎద్దులను అమ్మేశాడట. చేతిలో ఆ పేపరుంది.

"నువ్వు తీసిన ఫొటో చూసినంక ధైర్యమొచ్చిందిరా. రేపు మళ్ల కాయ పట్టిస్తున్న."