తోక అటు, చెయ్యి ఇటు

మర్రే బ్రిడ్జ్,
ఏప్రిల్ మొదటి వారం

ప్రియమైన కోరల్‌కి,

కూర్చునే చదువు. నేను కారవాన్ కొన్నాను. కొత్తది కాదు, మానమ్‌లో ఒక ముసలాయన వాడుకున్న బండి. లోపల మంచం, చిన్న పొయ్యి, మడతబల్ల, చూడగానే తలనొప్పి తెప్పించే పూల కర్టెన్లు. కర్టెన్లు మారుస్తాను. బండి మాత్రం అమ్మను, ఎవరికీ ఇవ్వను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే ఇంట్లో అప్పుడే రభస మొదలైంది.

మా ట్రెంట్ వచ్చి బండి చుట్టూ తిరిగి, చక్రాన్ని కాలితో తన్ని, "అమ్మా, నీకేమైనా మతిపోయిందా? బజార్లో ఉత్త కారు పెట్టడానికే ముందుకీ వెనక్కీ ఊగుతావు, దీన్ని కారు వెనక తగిలించుకుని ఎక్కడికి పోతావు?" అన్నాడు. నల్లార్బర్ మైదానం దాటి పెర్త్ దాకా పోతానన్నాను. కన్నకొడుకు పకపకా నవ్వాడు. ఆ నవ్వు వాళ్ళ నాన్నది. ఆ మహానుభావుడు ఇంకొకత్తెతో క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోయాడు గాని, నవ్వు మాత్రం ఇక్కడే వదిలిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సరే, పందెం," అన్నాను. జూన్‌లో రాణిగారి పుట్టినరోజు సెలవులకి విక్టర్ హార్బర్‌లో వాళ్ళింటికి వెళ్ళి, అందరూ చూస్తుండగా, ఎవరి సాయమూ లేకుండా, కారవాన్‌ని వెనక్కి నడిపి వాళ్ళ పెరట్లో పెట్టాలి. పెడితే వాడు ఇక నా జోలికి రాడు. పెట్టలేకపోతే బండి అమ్మేస్తాను. నోరు జారానంటావా, జారాను. అన్నమాట వెనక్కి తీసుకునే రకాన్ని కాదని నీకు తెలుసు.

జున్ను ఫ్యాక్టరీలో మనం పక్కపక్కన నిలబడి అన్నేళ్ళు పని చేశాం. తర్వాత నువ్వూ మీ ఆయన నెవిల్ కారవాన్ వేసుకుని దేశమంతా తిరిగారు. నెవిల్ పోయాక కూడా తిరుగుతూనే ఉన్నానని రాస్తుంటావు. అందుకని నీకు తెలిసిందంతా నాకు చెప్పు. ఫోను మాత్రం చెయ్యకు. ఫోనులో ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరికీ ఏమీ వినపడదు.

నీ
రేలీన్


సెడూనా,
ఏప్రిల్ చివర

ప్రియమైన పెంకిదానా,

కొన్నాక అడుగుతావా? కొనేముందు అడిగి చావాల్సింది. సరే, విను.

ముందు ముక్కుకి పని చెప్పు. అల్మారాలన్నీ మూసి ఒక పూట ఆగి, తలుపు తీసి వాసన చూడు. తడి కుక్క వాసన వస్తే ఎక్కడో వాననీరు దిగుతున్నట్టే. తర్వాత బొటనవేలు. కిటికీల కింద, మూలల్లో, కప్పు అంచున గోడని నొక్కుకుంటూ పో. మెత్తగా ఎక్కడ లోపలికి పోతుందో అక్కడ కర్ర కుళ్ళింది. కొత్తగా కాగితం అతికించిన చోట ఇంకాస్త గట్టిగా నొక్కు. ఎవరూ ఊరికే అతికించరు.

టైర్లు కొత్తవాటిలా ఉన్నాయని మురిసిపోకు. కారవాన్ టైరు అరిగి చావదు, ఎండలో నిలబడి నిలబడి చస్తుంది. పక్కల సన్నగా పగుళ్ళుంటే పారెయ్.

బరువైన సామానంతా నడిమధ్య, ఇరుసు మీదికి వచ్చేటట్టు, కింద పెట్టుకో. డబ్బాలన్నీ తెచ్చి వెనక అల్మారాలో కూరావంటే రోడ్డు మీద కారవాన్ తోక ఊగుతుంది, దాంతో కారూ ఊగుతుంది. అప్పుడు కంగారుపడి కారు బ్రేకు తొక్కకూడదు. వేగం దానంతటది తగ్గేటట్టు కాలు తియ్యాలి, కారవాన్ బ్రేకుకి కారులో విడిగా మీట ఉంటుంది, అది మెల్లగా నొక్కాలి. మా బండిలో ఆ మీట ఎప్పుడూ నేనే నొక్కేదాన్ని. బయలుదేరేముందు చుట్టూ ఒకసారి నడిచి చూసుకో. మెట్టు మడవకుండా పోయి, దాన్ని దారిలో పారేసుకున్నవాళ్ళు బోలెడుమంది.

ఇక వెనక్కి నడపడం. అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. తోక ఎటు పోవాలో చెయ్యి అటు. ఎడమకి కావాలంటే ఎడమకి, కుడికి కావాలంటే కుడికి. నిదానంగా, గట్టిగా అరవకుండా. కారవాన్లు ఆపుకునే పార్కుల్లో సాయంత్రమయ్యేసరికి అందరూ మడతకుర్చీలు వేసుకుని గ్లాసులు పట్టుకుని కూర్చుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు బండి పెట్టుకోలేక తంటాలు పడుతుంటే చూడటం వాళ్ళకి సినిమా. అక్కడ ఎన్ని కాపురాలు బజారున పడ్డాయో చెప్పలేను. నువ్వు ఎవరి మొహమూ చూడకు.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. వచ్చే వారం స్ట్రీకీ బే వైపు పోదామనుకుంటున్నాను.

ప్రేమతో
కోరల్


మర్రే బ్రిడ్జ్,
మే మధ్యలో

ప్రియమైన కోరల్‌కి,

నువ్వు చెప్పినట్టే నొక్కుకుంటూ పోతే, మంచం తలవైపు మూలలో నా వేలు గోడలోకి దిగింది. అంత అందమైన కాగితం కిందే. కుళ్ళిన చెక్క నేనే కోసి తీసి కొత్తది బిగించాను. టైర్లు మార్పించాను. సామాను నడిమధ్యకి సర్దాను, తోక ఊగడం లేదు. ఇంతవరకూ నీ చేతులకి దణ్ణం.

ఇప్పుడు మిగతాది విను. మానమ్‌లో ఏటి ఒడ్డు పార్కుకి వెళ్ళాను. నాకిచ్చిన చోటు ఎడమవైపు. నువ్వు చెప్పినట్టే స్టీరింగ్ ఎడమకి తిప్పి వెనక్కి నడిపాను. తోక కుడికి పోయింది. ఇంకా ఎడమకి తిప్పాను, ఇంకా కుడికి పోయి కుళాయి స్తంభాన్ని గుద్దింది. నీళ్ళు చివ్వున లేచి నీ మడతకుర్చీల వాళ్ళ గ్లాసుల్లో పడ్డాయి. పొట్టి నిక్కరు వేసుకున్న ఒకాయన వచ్చి కిటికీలోంచి తొంగిచూసి, "ఏమ్మా, నన్ను పెట్టమంటావా? మీ ఆయన రాలేదా?" అన్నాడు.

"క్వీన్స్‌లాండ్‌లో ఉన్నాడు. నువ్వెళ్ళి పిలుచుకురా, ఈలోగా నేనే పెట్టుకుంటా," అన్నాను. ఆయన వచ్చిన దారినే పోయాడు.

పెట్టుకోలేదనుకో. ఆ రెండు రోజులూ నా చోట్లో బండి అడ్డంగానే ఉంది. అడ్డంగానే వండుకున్నాను, అడ్డంగానే పడుకున్నాను. తెల్లారి అందరికీ చెయ్యి ఊపి మరీ టీ తాగాను. ఏడుపు రాలేదని మాత్రం అనను.

ఇంటికొచ్చాక ఫుట్‌బాల్ మైదానం పక్క ఖాళీ జాగాలో పెయింటు డబ్బాలు వరసగా పెట్టుకుని రోజూ నడిపాను. ఒక్క డబ్బా కూడా సొట్ట పడకుండా మిగల్లేదు. చివరికి తేలిందేమిటంటే, తోక ఎడమకి పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. ఎవరు నడిపినా, ఏ బండైనా అంతే. ఒక్కరోజు నడిపినవాళ్ళకి కూడా తెలిసే సంగతి ఇది.

అప్పుడు నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. బ్రేకు మీట నువ్వు నొక్కేదానివంటే నువ్వు కూర్చున్నది పక్క సీట్లో. అరవకూడదన్నావు. నడిపేవాడు ఎవరి మీద అరుస్తాడే? అరిచేది బండి వెనక నిలబడి చేతులు ఊపే మనిషి. తోక ఎటు పోవాలో నువ్వు చెయ్యి అటు ఊపేదానివి, స్టీరింగ్ దానికి ఎదురు తిప్పుకున్నవాడు నెవిల్. పైగా నీ ఉత్తరాల మీద పోస్టు ముద్ర ఎప్పుడూ సెడూనాదే. నువ్వు అసలు నడపలేదు కదూ? ఆయన పోయాక ఎక్కడికీ కదల్లేదు కదూ?

ట్రెంట్ ఈమధ్య పందెం ఊసే ఎత్తడం లేదు. కారవాన్ పొడవెంత, వెడల్పెంత అని మాత్రం ఫోను చేసి అడిగాడు. పెరట్లో పట్టదని భయపడుతున్నాడేమో.

కుళాయి బాగుచేయించి ఇచ్చాను గాని, నీ మీద కోపం లేదు. నిజం రాయి.

నీ
రేలీన్


సెడూనా,
జూన్ మొదట్లో

ప్రియమైన రేలీన్‌కి, ఈసారి ప్రియం కాస్త తక్కువే,

రాసి చించి, రాసి చించి, ఇన్నాళ్ళు పట్టింది.

అవును, నడపలేదు. ఆ స్టీరింగ్ ముట్టుకోలేదు. నెవిల్ ఇవ్వలేదు, నేను అడగలేదు. అయితే ఏంటిట? ఏ దారిన పోవాలో చెప్పింది నేను. ఎక్కడ ఆగాలో చెప్పింది నేను. అన్నేళ్ళూ ఆ బండికి ఒక్క గీత పడలేదంటే ఈ రెండు చేతుల వల్లే. ముందు కూర్చుని ఆయన ఏం తిప్పుకున్నాడో నేనెందుకు చూస్తాను, నేను చూసింది తోకని.

ఆయన పోయాక మా మేనల్లుడు వచ్చి, "నీకెందుకు అత్తా ఇది," అని బండి తోలుకుపోయాడు. నాకెందుకో చెప్పాల్సింది, తాళాలు తెచ్చిచ్చాను. అప్పటినుంచి నీ ఉత్తరాల్లోనే తిరుగుతున్నాను. అబద్ధాలకోరునంటావా, అను. నేనేం సిగ్గుపడటం లేదు.

ఒక్కమాట మాత్రం వెనక నిలబడ్డదానిగా చెబుతున్నాను, ఇది తప్పు కాదు. ట్రెంట్ వెనక నిలబడి చూపిస్తానంటే ఒప్పుకోకు. వెనక నిలబడ్డ మనిషి తనకి కావలసిన చోటే చూపిస్తాడు. నేనూ అదే చేశాను.

నువ్వు ఓడిపోయావంటే ఇక నాకు ఉత్తరం రాయకు.

కోరల్


కింబా,
జూన్ మూడో వారం

ప్రియమైన నా కోరల్‌కి,

మీ ఊరి దారిలో, కింబాలో పెట్రోలు బంకు పక్కన బండి ఆపుకుని, నా మడతబల్ల మీద రాస్తున్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందు నీకు చేరాలని ఇక్కడ కొన్నాళ్ళు ఆగుతున్నాను.

పందెం రోజు ట్రెంట్, కోడలు తానియా, వాళ్ళ అమ్మానాన్నలు, పిల్లలు, పక్కింటివాళ్ళు అందరూ వరండాలో చేరారు. నేను గేటు దగ్గరికి రాగానే ట్రెంట్ వెనక్కి పోయి చేతులెత్తాడు. "పొయ్యి మీద నీ మాంసం సాసేజీలు మాడుతున్నాయి, పోయి తిప్పుకో," అన్నాను. నీ మాట గుర్తొచ్చే అన్నాను. ఒకసారి వంకర పోయింది. ముందుకి తీసి సర్దుకుని మళ్ళీ నడిపాను. గేటుకి తగలకుండా, తానియా గులాబీలు తొక్కకుండా బండి పెరట్లోకి పోయి తిన్నగా నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు ఈలలు వేశారు. నేను మొహం దొరసానిలా పెట్టుకుని దిగాను.

అద్దంలో గేటూ గులాబీలూ తప్ప మరేమీ చూడలేదు, దిగి చూస్తే బండి కింద గడ్డి లేదు. కొత్త సిమెంటు గచ్చు, సరిగ్గా నా కారవాన్ కొలతకి. పక్కన కొత్త కుళాయి, కరెంటు ప్లగ్గు, పైన రేకుల పందిరి.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు ట్రెంట్. మొహం వెలిగిపోతోంది. "పందెం నీదే. బండి ఎవరూ అమ్మమనరు. ఇక రోడ్ల వెంట తిరగడమెందుకు, ఇక్కడే ఉండిపో. నీ బండి నీదే, నీ గది నీదే. పిల్లలకి తోడుంటావు, తానియా మళ్ళీ ఉద్యోగంలోకి పోతుంది." అంటూనే కారుకీ బండికీ మధ్య కొక్కెం విప్పడానికి వంగాడు.

అప్పుడర్థమైంది. ఓడితే బండి పోతుంది, గెలిస్తే నా పెర్త్ ప్రయాణం పోతుంది. వాడు కుట్రతో చేశాడనను. సెలవులన్నీ ఎండలో నిలబడి, చేతులు పొక్కులెక్కేలా, నా మీద ప్రేమతోనే ఆ గచ్చు పోశాడు. ఆ పొక్కులు చూస్తే జాలేసింది. అయినా నన్ను ఒక్కసారి అడగలేదు కదా అని అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

"ట్రెంట్, చెయ్యి తియ్," అన్నాను.

"ఎంత కష్టపడ్డానో తెలుసా అమ్మా?"

"కనిపిస్తూనే ఉంది నాన్నా. చాలా బాగా పోశావు. దాని మీద నీ పడవ పెట్టుకో."

తానియా ఏడ్చింది. వాళ్ళమ్మ, ఈ వయసులో ఇంత మొండితనమా అంది. ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడన్నాను. రెండు సాసేజీలు తిన్నాను, పిల్లల్ని ముద్దుపెట్టుకున్నాను, కారెక్కి ముందుకి పోనిచ్చాను. ట్రెంట్ గేటు మూసుకున్నాడు గాని, చివర్లో చెయ్యి ఎత్తాడు. తిరిగొచ్చాక నెమ్మదిగా మాట్లాడతాను, వాడు నా కొడుకు, ఎక్కడికి పోతాడు.

ఇప్పుడు నీ సంగతి. నాకు వెనక నిలబడి చేతులు ఊపే మనిషి అక్కర్లేదు. సగం దారి నడిపే మనిషి కావాలి. నడపడం రాదని నాతో అనకు, ఫ్యాక్టరీకి రోజూ నన్ను నీ కార్లో ఎక్కించుకుపోయింది ఎవరు? బట్టలు సర్దుకుని, లైసెన్సు చేత్తో పట్టుకుని వాకిట్లో ఉండు. మేనల్లుడు అడ్డొస్తే నేను చూసుకుంటాను.

ఊరు దాటగానే కారాపి నేను పక్క సీట్లోకి జరుగుతాను. నల్లార్బర్ మీద దారి తిన్నగా పోతూనే ఉంటుంది, వెనక్కి తిప్పే పనే లేదు. నువ్వే నడుపు.

వస్తున్నాను,
నీ రేలీన్