అమ్మ కుర్చీకి నీలం రంగు

నాన్నా,

కుర్చీ గుడ్డకి వేసిన మొదటి పూత ఆరింది. నేను డ్యూటీకి వెళ్తున్నాను, రెండోది నువ్వే వెయ్యాలి. ముందు గరుకు కాగితంతో గుడ్డంతా మెల్లగా రుద్దు, లేకపోతే అట్టకట్టి గుచ్చుకుంటుంది. తర్వాత కాస్త తడిచేసి, రంగులో నీళ్ళు కలిపి పల్చగా వెయ్యి. చిక్కగా వేస్తే పగులుతుంది.

ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. అమ్మ పోయాక ఆ కుర్చీలో మడతపెట్టని బట్టలే తప్ప మనిషి కూర్చున్నది లేదు. దాని దుమ్ము దులపమంటేనే విసుక్కునే నువ్వు, నిన్న షాపువాడి ప్రాణం తోడేసి మరీ నీలం రంగు ఏరావు. మొన్న జుట్టుకీ నల్లరంగు వేసుకున్నావు. ఫోన్ మోగితే బాల్కనీలోకి వెళ్తున్నావు. ఎవరైనా వస్తున్నారా అంటే, "ఎవరొస్తారమ్మా, ఊరికే" అన్నావు, అదీ గోడకేసి చూస్తూ.

కుర్చీ అమ్మేస్తావేమోనని భయపడి రాత్రంతా నిద్రపోలేదు నేను. అమ్మడానికి కాకపోతే ఆ సంగతేదో నాకు ముందే చెప్పొచ్చుగా. నేనేమన్నా పరాయిదాన్నా?

అన్నట్టు, ఆవిడ ఇవాళే వస్తే సోఫాలో కూర్చోబెట్టు. కుర్చీ రంగు రేపటిదాకా బట్టలకి అంటుకుంటుంది.