ఐసు నీళ్ల ఎదుట కుర్చీ

అక్కా,

నీ మోకాళ్ల నొప్పికి మా ల్యాబ్‌లో పరీక్షిస్తున్న కొత్త మాత్రలు పంపమని రాశావు. పంపను. తిట్టుకున్నా సరే.

అవి పనిచేస్తాయని ఎలా తేలుస్తున్నారో విను. పరీక్షకు ఒప్పుకుని వచ్చిన కుర్రాళ్లు ఐసు నీళ్లలో చెయ్యి పెట్టి, నొప్పి పదికి ఎంతో చెప్పాలి. మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన రోజు ఎదురుగా మా ముసలి అటెండరు కూర్చుంటాడు. "అమ్మో, తొమ్మిది!" అని కుర్రాళ్లు గగ్గోలు పెడతారు. అసలు మాత్ర ఇచ్చిన రోజు పెద్ద డాక్టరు నన్ను కూర్చోబెడతాడు. "కాస్త నవ్వుతూ ఉండమ్మా" అంటాడు, వెధవ. ఆడపిల్ల ముందు ఏ మగాడు ఏడుస్తాడు?

నిన్న ఒకబ్బాయి చెయ్యి ఎర్రగా కందిపోయింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా పళ్లు బిగబట్టి, నాకేసి చూసి, "మూడేనండీ" అన్నాడు. డాక్టరు "భేష్!" అని కాగితం మీద మూడు రాసుకున్నాడు.

ఇక ఆ కుర్చీలో కూర్చోనని చెప్పేశాను. "నువ్వు కాకపోతే ఇంకో అమ్మాయి" అన్నాడు, తాపీగా.

ఆ మందులో ఏముందో నాకు తెలీదు. అంకె తగ్గించింది నా మొహమే. నన్ను చూసి నీ మోకాలు సిగ్గుపడదు కదక్కా!

నీ చెల్లి