లేవని కంప్యూటరు, లేవని ముగ్గురు

వెళ్ళినేళి,
మీనమాసం 5.

చిరంజీవి హైమవతికి శంకుణ్ణి మామ దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఆవు ఈనింది. పెయ్య.

మీ అమ్మ చెప్పింది. తిరువనంతపురంలో నువ్వు, అసలు లేనే లేని కంప్యూటరు ఒకటి చేస్తున్నావట. పొద్దున దాన్ని లేపడానికి కూర్చుంటే సాయంత్రం దాకా అది లేవదట, నువ్వూ లేవవట. లేనిది లేవకపోతే తప్పేముందమ్మా? నాకు అర్థం కాలేదు. ఒంట్లో బాగుందా?

గుడి ఉత్సవం దగ్గరపడింది. ఈ ఏడు కూడా కథకళి వేషాల దవడల చుట్టూ బియ్యప్పిండితో తెల్లటి అంచు, అదే 'చుట్టి', కట్టేది నేనే. మన ఊరి పెద్దాయనలు ముగ్గురూ, రావుణ్ణి నాయరు, నంబీశన్, వారియరు, ఇప్పటినుంచే టీ కొట్టు దగ్గర తప్పులు పట్టడం మొదలుపెట్టారు. పోయినేడు రావణుడి ఎడమ దవడన అంచు వంకరగా ఉందట. ఈసారి వేషాల గదిలోనే కూర్చుని చూస్తారట. ఎవరైనా చూస్తుంటే నా చెయ్యి వణుకుతుందని నీకు తెలుసు.

ఉంటాను.
శంకుణ్ణి మామ

తా.క.: వంకర అంచుది కాదు. ఆ రావణుడి వేషం కట్టే ఆయన దవడే వంకర. చెప్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను.


తిరువనంతపురం,
మీనం 9.

మామయ్యకు హైమ నమస్కారాలు.

నా ఒళ్ళు బాగానే ఉంది. కంప్యూటరుదే బాగాలేదు.

మీకు తెలిసిన మాటల్లో చెప్తాను. కొత్తరకం కంప్యూటరు ఒకటి ఇంకా కాగితం మీదే ఉంది. అది తయారై వచ్చేదాకా ఆగితే దానికి ప్రోగ్రాములు ఎప్పటికి సిద్ధమవుతాయి? అందుకని నేనూ, నాతో పనిచేసే ఫిలిప్పోసూ, ఇంకొందరం కలిసి మామూలు కంప్యూటరు చేత దాని వేషం వేయిస్తున్నాం. దీన్నే సిమ్యులేటర్ అంటారు. వేషం కుదరాలంటే లోపలి ప్రతి చిన్న కదలికా ఆడి చూపాలి. అసలుది రెప్పపాటులో చేసే పని ఆడి చూపడానికి మాకు ఒక పూట పడుతుంది. చిక్కు అది కాదు. అది నిద్ర లేచి స్క్రీను మీద ఒక్క పలకరింపు వెయ్యాలి. వెయ్యదు. ఎక్కడో బిగుసుకుపోతోంది. చీకటిపడే వేళకు ఫిలిప్పోసు నిట్టూర్చి ఆపేస్తాడు. మర్నాడు తప్పు వెతుకుతాం. దొరకదు.

విషు పండగనాడు అందరి ముందూ లేపి చూపిస్తామని చెప్పేసుకున్నాం. లేవకపోతే నమ్మి చేరినవాళ్ళు తలో దారీ పడతారు. నాలుగేళ్ళ పని మామయ్యా.

ఇందులో దాపరికం లేదు. ఎవరడిగినా ఊరికే ఇస్తాం. ఎవరైనా లోపలికి వచ్చి చూడొచ్చు, తప్పు పట్టొచ్చు. తప్పు పట్టినవాళ్ళకు దణ్ణం పెడతాం.

మీ హైమ

తా.క.: మధ్యాహ్నం భోజనం అరటికాయ చిప్సే. అమ్మకు చెప్పకండి. ఆవిడ పట్టే తప్పులకు మాత్రం దణ్ణం పెట్టలేను.


వెళ్ళినేళి,
మీనం 13.

చిరంజీవి హైమకు దీవెనలు.

నీ ఉత్తరం అర్థమైంది. రెప్పపాటు పనికి పూట పడుతుందా? కథకళిలో మన రావణుడు కైలాసం ఎత్తడానికీ అంతే పడుతుంది. ఎవరూ కంగారుపడరు.

తప్పు పట్టినవాళ్ళకు దణ్ణం పెడతారన్న ముక్క మాత్రం టీ కొట్టు దగ్గర చదివి వినిపించాను. నేను పదిమందిలో నోరు తెరవడం చూసి కొట్టు నారాయణి పాలు పొంగించేసింది.

ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఇన్నాళ్ళూ తప్పు పడితే తిట్టినవాళ్ళే గాని దణ్ణం పెట్టినవాడు లేడన్నారు. మీరు కంప్యూటరు మొహం చూశారా అని నారాయణి అడిగింది. తప్పు పట్టడానికి అది అడ్డం కాదన్నాడు నంబీశన్.

ఉంటాను.
శంకుణ్ణి మామ

తా.క.: ఈ ఉత్తరం తెచ్చింది వాళ్ళే. నీ గుమ్మంలో చాపలతో నిలబడి ఉంటారు. వారియరుకు చక్కెర వద్దు.


తిరువనంతపురం,
మీనం 17.

మామయ్యకు నమస్కారాలు.

ఈ ఉత్తరం కోపంతో మొదలుపెట్టాను. పోనుపోను తగ్గుతుంది, చదవండి.

మీ ముగ్గురూ కంప్యూటరు ముందు చాపలు పరిచారు. స్క్రీను నల్లగా ఉంటే, వేషం ముందు పట్టే అడ్డుగుడ్డ ఇంకా దించలేదనుకున్నారు. ఈలోగా తప్పులు మొదలయ్యాయి. దీపం చాలదట. చెండ డోలు మోత లేదట. ఫిలిప్పోసు ముఖాన ఏ రసమూ పలకడం లేదట. పాపం వాడి వేళ్ళు వణికాయి. మీరు గుర్తొచ్చారు.

సాయంత్రం వాడు మామూలుగా ఆపబోతే రావుణ్ణి నాయరు వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"కైలాసం సగం ఎత్తాక లేచిపోతావుటోయ్? కూర్చో."

"అది చచ్చింది పెద్దాయనా."

"చచ్చిందో లేదో తెల్లారి మంగళం పాడాక చూద్దాం. మా తప్పులు ఇంకా అయిపోలేదు."

వాదించే ఓపిక లేక అలాగే వదిలేసి ఇళ్ళకు పోయాం. పొద్దున వచ్చేసరికి వారియరు గురకపెడుతున్నాడు, నంబీశన్ తాంబూలం నములుతున్నాడు, స్క్రీను మీద పలకరింపు ఉంది.

లేచింది మామయ్యా. అసలది ఎప్పుడూ చావలేదు. ఈమధ్య దానికి కొత్త జ్ఞాపకశక్తి భాగం తగిలించాం. దాంతో వేషం రెండింతలు నెమ్మదించి, లేవడానికి రాత్రి కూడా కావాలని ఒక్కరికీ తట్టలేదు. రోజూ సాయంత్రం బతికున్నదాన్ని పాతిపెట్టి, ఎందుకు చచ్చిందా అని మర్నాడు వెతుక్కున్నాం. ఫిలిప్పోసు ముగ్గురికీ సాష్టాంగపడ్డాడు.

విషు గండం ఇక తప్పినట్టే. ఇప్పుడు గండం వీళ్ళే. దణ్ణాల రుచి మరిగారు. ఉత్సవానికి వెళ్ళరా అంటే, ఇక్కడ తప్పులు బోలెడు మిగిలాయంటున్నారు. ఎప్పుడు పంపమంటారు?

మీ హైమ

తా.క.: లేచిన కంప్యూటరు మీద నంబీశన్ తీర్పు: ప్రవేశం ఫరవాలేదు, ముఖాన చుట్టి లేదు.


వెళ్ళినేళి,
మీనం 21.

చిరంజీవి హైమకు దీవెనలు.

లేచినందుకు సంతోషం. గుడిలో నీ పేర పాయసం నైవేద్యానికి చెప్పాను.

ఒక సంగతి. నేను వాళ్ళను పంపింది అక్కడ తప్పు పట్టడానికి కాదమ్మా. ఇక్కడ పట్టకుండా ఉండటానికి. బస్సు దాకా వెళ్ళి నేనే ఎక్కించాను.

వేషాల గది ప్రశాంతంగా ఉంది. చెయ్యి వణకలేదు. మొన్న భీముడికి చుట్టి వెన్నెల్లా వచ్చింది. ఇన్నేళ్ళలో అలా రాలేదు. మర్నాడు టీ కొట్టుకు వెళ్తే వాళ్ళ బల్ల ఖాళీ. చాలా బాగుందని నారాయణి అంది. ఆవిడ అన్నీ బాగున్నాయనే అంటుంది. ఎడమ దవడ చూసి ఒక్క మాట అనేవాడు లేకపోతే, అది బాగా వచ్చిందని నాకెలా తెలుస్తుంది?

పంపించెయ్యి. ఆదివారం అర్జునుడికి వాళ్ళ ముందే కడతాను. వణికితే వణికింది.

ఉంటాను.
శంకుణ్ణి మామ

తా.క.: శనివారం బస్సుకు పంపు. శుక్రవారం వద్దు. ఆ రోజు రావణుడు. మళ్ళీ ఆ వంకర దవడాయనే.